చదవదగ్గది దొరకాలంటే…

చదువుకుంటున్న వాళ్ళం గనుక పొద్దస్తమానం ఏదో ఒకటి చదువుతూనే ఉంటాం. కళ్ళు తెరిచీ తెరవకముందే ఫోను చేతిలోకి వస్తుంది. బస్సులో చదువుతాం, క్యాంటీన్లో చాయ్ చల్లారేదాకా చదువుతాం, క్లాసులో బల్ల కింద పెట్టి చదివే ఘనులూ మనలో లేకపోలేదు. ఆ సంగతి లెక్చరర్లకు తెలియనిదీ కాదు. రాత్రి లైటు ఆర్పిన తర్వాత కూడా మొహం మీద వెలుగు ఉంటుంది. ఇంతా చేసి, పడుకోబోయే ముందు ఎవరైనా "ఇవాళ ఏం చదివావు?" అని అడిగితే చెప్పడానికి ఒక్క ముక్క గుర్తు రాదు. పొట్టు తిన్నట్టు ఉంటుంది. దవడలు నొప్పి పుట్టాయి గానీ కడుపు నిండలేదు.

"ఇంటర్నెట్టులో చదవడానికి ఏముందయ్యా, అంతా చెత్త" అనే పెద్దలున్నారు. "అందులో లేనిదంటూ లేదు" అనే మిత్రులున్నారు. రెండూ సగం సగం నిజాలే. చదవదగ్గవి ఉన్నాయి, బోలెడన్ని ఉన్నాయి. అయితే అవి వాటంతటవి మన దగ్గరకు రావు. మనల్ని వెతుక్కుంటూ వచ్చేవి వేరు, మనం వెతుక్కుంటూ వెళ్ళవలసినవి వేరు. ఈ తేడా నాకు మా ఇంట్లో జరిగిన ఒకటి రెండు సంగతుల వల్ల బోధపడింది. వాటిని తోటి విద్యార్థులతో పంచుకుందామనే ఈ నాలుగు మాటలు.

మాది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఒక ఊరు. ఇప్పుడు దాన్ని ఊరనాలో నగరమనాలో మాకే తెలియదు. ఒక పక్క నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి, ఇంకో పక్క కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ ఔటర్ రింగు రోడ్డు. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. 2008లో బిట్స్ పిలానీ వారి హైదరాబాద్ ప్రాంగణం వచ్చింది. తుర్కపల్లి వైపు పోతే జీనోమ్ వ్యాలీ. 2021లో దేశంలో కోట్ల మంది వేయించుకున్న కోవాగ్జిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి పేరుతో జిల్లా కూడా అయ్యాం. చుట్టూ ఇంత విద్య, ఇంత విజ్ఞానం ఉన్నా, ఆ ప్రాంగణాల గ్రంథాలయాలు సహజంగా అక్కడి విద్యార్థుల కోసమే గదా. ఊళ్ళో పిల్లలకు అందుబాటులో ఉన్న అతి పెద్ద గ్రంథాలయం చేతిలోని ఫోనే. కాబట్టి అందులో ఏం చదవాలన్నది మా వైపు వాళ్ళకు ఉబుసుపోక వేసుకునే ప్రశ్న కాదు.

మా తాతకు ఎనభై దాటాయి. చూపు మందగించింది. ఒకప్పుడు పేపరు వస్తే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, మడత నలగకుండా పక్కింటికి పంపేవాడట. ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు. ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని అడిగాడు.

"గంతసేపు సూస్తవు గద బిడ్డా, అందుల మన దిక్కు ముచ్చట ఏమన్న ఉన్నదా?"

మేడ్చల్ అని కొట్టి చూశాను. గజం ఎంత, విమానాశ్రయానికి ఎన్ని నిమిషాలు, వాయిదాల మీద ఎట్లా కొనవచ్చు — ఇవే. శామీర్‌పేట అని కొట్టాను. చెరువు కనబడే విల్లాలు, రిసార్టులు, వారాంతపు విందులు. షామీర్‌పేట అని స్పెల్లింగు మార్చి కొట్టినా అదే వరస. పది పేజీలు తిప్పినా ఊరు కనబడలేదు, ఊరి మీద ధర మాత్రం కనబడింది. అవే చదివి వినిపిస్తే తాత నవ్వాడు.

"అమ్ముకునెటోళ్ళు రాసిన్రు గవి. నాకెందుకు ప్లాట్ల ముచ్చట? మన ఊర్లు ఎట్లుండె, ఎవల కింద ఉండె, గది చెప్పు."

"ఎవల కింద ఉండె తాతా?"

"మా నాయిన చెప్పెటోడు. మనయి అత్రాఫ్ బల్దా ఊర్లు. దివానీ గావు, సర్ఫెఖాస్."

ఆ రెండు మాటలు నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ వినలేదు. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాలుగా రాసి వెతికితే అప్పటిదాకా మూసుకుని ఉన్న తలుపు తెరుచుకుంది. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం వారు దక్షిణాసియాకు సంబంధించిన పాత పుస్తకాలను అంతర్జాలంలో అందరికీ ఉచితంగా పెట్టారు. 1908-09 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ నుంచి 26 సంపుటాలుగా వెలువడిన 'ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా' అందులో ఉంది. ఆరో సంపుటంలో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా వర్ణన దొరికింది. ఆ మాటకు అర్థం 'నగరం చుట్టుపక్కల' అని. నిజాం ప్రభువు సొంత ఖర్చుల కోసం ఉంచుకున్న సర్ఫెఖాస్ భూముల జిల్లా అది. మా మేడ్చల్ అందులో ఒక తాలూకా. అంటే నూరేళ్ళకు ముందు కూడా మా చిరునామా 'పట్నం చుట్టుపక్కల' అనేనన్న మాట! ఆ పేజీ నుంచి పక్కకు పోతే రైలు సంగతి వచ్చింది. మా మేడ్చల్ స్టేషను మీదుగా మన్మాడ్ వైపు పోయే లైను 1900 ప్రాంతంలో హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే పేరిట మీటర్ గేజి మీద వేసింది. 2023 ఏప్రిల్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైలు మేడ్చల్ దాకా వచ్చినప్పుడు మేమంతా కొత్తగా రైలు వచ్చినట్టే సంబరపడ్డాం. ఆ పట్టాల వయసు తాత వయసు కంటే ఎక్కువ.

ఇక్కడ నాకు తట్టిన మొదటి సంగతి ఇది. వెతికే యంత్రం దగ్గర పుస్తకాలున్నాయి గానీ, వాటిని అడగవలసిన మాట దాని దగ్గర లేదు. ఆ మాట ఒక మనిషి నోట్లో ఉంది. నా అంతట నేను వెయ్యిసార్లు 'మేడ్చల్ చరిత్ర' అని కొట్టినా గెజిటీరు గుమ్మం దాకా వెళ్ళేదాన్ని కాను. పెద్దవాళ్ళ దగ్గర, లెక్చరర్ల దగ్గర, పుస్తకాల అడుగున చిన్న అక్షరాల్లో ఉండే గమనికల దగ్గర దొరికే ఒక్క పేరు, ఒక్క పాతమాట — అది చేతిలో పడితే సగం పని అయినట్టే.

అయితే గెజిటీరు కూడా పాలకులు తమ అవసరం కోసం రాసుకున్నదే. ఎంత భూమి, ఎంత శిస్తు, ఎందరు జనం. మనుషులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పండుగనాడు ఏం ఆడుకున్నారు అన్నది అందులో ఆశించలేం. దానికి మన తెలుగులోనే పుస్తకం ఉంది. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వెలువడింది; 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, ఊరూరి నుంచి వివరాలు, పద్యాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసిన వారు ఆయనే. 'లేదు' అన్న మాటకు ఒక సంచికతో జవాబు చెప్పిన మనిషి. ఈ సంగతి మళ్ళీ చివర అవసరపడుతుంది, గుర్తుంచుకోండి.

ఈ సాంఘిక చరిత్ర నాకు అంతర్జాలంలోనే దొరికింది. దొరకడం వెనుక కథ తెలుసుకోదగ్గది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్‌రెడ్డి గారు, ఇతర దేశాల వారితో కలిసి పది లక్షల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఒక పథకం తలపెట్టారు. 2007 నాటికి 15 లక్షల పుస్తకాలు ఎక్కాయి. మన దేశంలో ఇది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో నడిచింది, వేలాది తెలుగు పుస్తకాలు ఆ విధంగా బతికాయి. తర్వాత ఆ సైటు ఆగిపోయినా, పుస్తకాలు చాలామటుకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత గ్రంథాలయంలోకి చేరాయి.

ఉన్నాయి సరే, కనబడవెందుకు? దీనికి రెండు కారణాలు. ఒకటి, పుటలను ఫోటో తీసి పెట్టారు గనుక చాలా పుస్తకాల్లో లోపలి అక్షరాలు వెతికే యంత్రానికి అందవు. రెండు, పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు టైపు చేశారు. 'శ'కు ఒకరు ఎస్ ఒక్కటే పెట్టారు, ఇంకొకరు ఎస్ హెచ్ పెట్టారు. 'ఆ'కు ఒకచోట ఒక ఏ, ఇంకోచోట రెండు. 'చరిత్ర'ను మూడు రకాలుగా రాసిన వాళ్ళున్నారు. కాబట్టి మిత్రులారా, ఒకసారి కొట్టి దొరకలేదని వదిలెయ్యవద్దు. పేరు మార్చి మార్చి కొట్టండి, రచయిత ఇంటిపేరు మాత్రమే కొట్టండి, అచ్చయిన ఊరు కొట్టండి. ఈ అవస్థ చూడలేకనే తెలుగు వికీపీడియా కార్యకర్తలు కొందరు ఆ పుస్తకాల పట్టికలను తెలుగు అక్షరాల్లో తయారుచేసి పెట్టారు. ఆ పట్టిక ఒక్కటి దొరికినా వంద పుస్తకాలకు తాళంచెవి దొరికినట్టే.

ఇంకొక ప్రశ్న కూడా మనవాళ్ళు అడుగుతుంటారు: "ఎప్పుడూ పాత పుస్తకాలేనా, కొత్తవి ఉచితంగా ఎందుకు ఉండవు?" మన దేశ చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత మరో 60 ఏళ్ళు హక్కులు వారి వారసులవి. ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు. 2014 నుంచి వారి రచనలు అందరివీ అయినాయి. చలం గారు 1979లో పోయారు, అంటే 2039 చివరిదాకా ఆగాలి. శ్రీశ్రీ గారు 1983లో, అంటే 2043 దాకా. అందుచేత న్యాయంగా ఉచితంగా చదవగలిగినదాంట్లో మన ముత్తాతల కాలపు రచనలే ఎక్కువ. తర్వాతి వాటిని కొనుక్కునో, గ్రంథాలయంలోనో చదవడమే మర్యాద. దొంగతనంగా పెట్టిన ప్రతుల జోలికి పోకుండానే ఒక జీవితకాలానికి సరిపడా చదువు ఉంది.

సరే, తాత దగ్గరకు వద్దాం. రోజూ రాత్రి అన్నాలయ్యాక రెండు మూడు పుటలు పైకి చదివేదాన్ని. తాత మధ్యమధ్య ఆపేవాడు. "గట్ల గాదు, మా కాడ గిట్ల చేస్తుండె" అని తన మాట కలిపేవాడు. తెలియని మాట వస్తే ఫోనులోనే 'ఆంధ్రభారతి' నిఘంటువు తెరిచేదాన్ని. ఒక్క మాట కొడితే ఎన్నో నిఘంటువుల అర్థాలు ఒక్కసారే చూపిస్తుంది. మన విద్యార్థుల్లో ఇది తెలియని వాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకనాడు కాకతీయుల నాటి సంగతులు చదువుతుంటే మాట చెరువుల మీదికి మళ్ళింది. తాత వేళ్ళు మడుస్తూ చెప్పుకుంటూ పోయాడు: కట్ట, తూము, మత్తడి, ఆయకట్టు, శిఖం, నీరటి.

"శిఖం అంటే ఏంది తాతా?"

"చెరువు నిండితె నీళ్ళు నిలిచే జాగ. ఎండకాలం నీళ్ళు గుంజుకపోతె అండ్లనే ఇంత సాగు చేసుకునెటోళ్ళం. అది ఎవని సొంతం గాదు, చెరువుది."

ఆ మాటను నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. అంతటితో ఆ ముచ్చట అయిపోయిందనుకున్నాను. రెండు నెలల తర్వాత ఆ ఒక్క మాటే మా ఇంటిని కాపాడింది.

మా చిన్నాయన ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తాడు. పదకొండేళ్ళ జీతంలో మిగిల్చింది, ఎత్తిన చిట్టీ డబ్బు కలిపి 150 గజాల ప్లాటు కొందామని సిద్ధమయ్యాడు. ఆ ప్లాటు కబురు ఆయన ఫోనుకు దానంతటదే వచ్చింది. రంగురంగుల బొమ్మలు, పక్కనే నీలంగా చెరువు, 'చల్లటి గాలి, సొంత ఇల్లు' అని రాత. ఒకసారి ఆ బొమ్మ నొక్కిన పాపానికి పొద్దున, మాపున అవే బొమ్మలు. బ్రోకరు వచ్చి జాగా చూపించాడు. బయానా ఇవ్వడానికి ఆదివారం ముహూర్తం. తాతకు చెపితే ఏ పక్కన, ఏ గట్టు దగ్గర అని రెండుసార్లు అడిగాడు.

"గది శిఖం గదరా!"

"ఎప్పటి శిఖమే నాయినా! పదేండ్ల సంది నీళ్ళే లేవు అండ్ల."

"ఇయ్యాల లేకుంటె రేపు రావార నీళ్ళు?"

ముసలాయన మాట అని చిన్నాయన తీసిపారేసేవాడే. ఆ రాత్రి నేను 'శిఖం' అని వెతికితే సరిగా ఏమీ రాలేదు. పేపర్లవాళ్ళు 'శికం' అని రాస్తారు, అట్లా కొడితే వార్తలు వరసగా వచ్చాయి. వాటి వెంట పోతే హైదరాబాద్ మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీ వారి చెరువుల సైటు దొరికింది. మండలం, గ్రామం పేరుతో చెరువుల పట్టిక, ఒక్కో చెరువుకు పటం, నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు నిలిచే హద్దు — దాన్నే ఎఫ్.టి.ఎల్. అంటారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు కూడా చదివాం: 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్ల దాకా, అంతకు చిన్న చెరువైతే 9 మీటర్ల దాకా ఏ కట్టడమూ కూడదు. పటాన్ని పెద్దది చేసి, బ్రోకరు ఇచ్చిన సర్వే నంబరు పక్కన పెట్టి చూశాం. ఆ నంబరు మీదుగా గీత పోతోంది. తాత చూపించిన గట్టూ, పటంలో గీతా ఒక్కచోటనే ఉన్నాయి.

ఆదివారం నాడు చిన్నాయన బయానాకు బదులు ఆ పటాన్ని చూపించి అడిగాడు. బ్రోకరు మళ్ళీ వస్తానని పోయాడు, తర్వాత ఫోను ఎత్తలేదు. 2024 జూలైలో హైడ్రా సంస్థ ఏర్పడి చెరువుల్లో కట్టినవాటిని కూలగొడుతున్నప్పుడు టీవీలో ఆ దృశ్యాలు మనమంతా చూశాం. గోడల పక్కన నిలబడి ఏడ్చినవాళ్ళలో చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ పటాలు అందరికీ ఉచితంగా చదవడానికి ఉన్నవే. కాకపోతే అవి ఎవరి ఫోనుకూ నడిచి రాలేదు. రంగుల బొమ్మ నడిచి వచ్చింది, ఎందుకంటే దాన్ని నడిపించడానికి ఒకరు డబ్బు పెట్టారు. మన దగ్గరకు నడిచి వచ్చే ప్రతి రాత వెనుకా ఎవరిదో ఒక అవసరం ఉంటుందన్న సంగతి మా ఇంట్లో ఇప్పుడు అందరికీ తెలుసు.

మరి డబ్బు పెట్టేవాడు లేనివాటిని ఎవరు పెట్టారు? ఈ ప్రశ్న వేసుకుంటే నాకు గర్వంగా కూడా అనిపించింది. అంతర్జాలంలో తెలుగు ఉన్నదంటే ప్రధానంగా అది స్వచ్ఛందంగా పనిచేసినవాళ్ళ చలవ. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు ఇంగ్లీషు లిపిలోనే తెలుగు రాసుకుంటూ పద్యాల గురించి వాదించుకునేవారట. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఆ లిపిని తెలుగు అక్షరాలుగా మార్చే పద్ధతి తయారయింది, ఆర్.టి.ఎస్. అన్న పేరులో మొదటి అక్షరం ఆ రైస్ పేరే. 1998లో అమెరికా తెలుగువాళ్ళు 'ఈమాట' అనే పత్రిక పెట్టారు. దాని పాత సంచికలన్నీ ఇవాళ్టికీ ఉచితంగా చదువుకోవచ్చు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, చాలాకాలం ఒక్కో పేపరుకు ఒక్కో ఫాంటు, ఒకరి రాత ఇంకొకరి కంప్యూటర్‌లో గజిబిజి గీతలు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో 'లేఖిని' వచ్చి ఇంగ్లీషు మీటల మీద తెలుగు టైపు చెయ్యడం నేర్పింది. వీళ్ళలో చాలామంది అప్పటికి మనలాంటి విద్యార్థులు, మన లెక్చరర్ల వయసువాళ్ళు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించిన వాళ్ళను మనం పాఠాల్లో చదువుకుంటాం. వీళ్ళు చేసిందీ అటువంటి పనే. కాకపోతే బోర్డు లేదు, భవనం లేదు.

కాబట్టి ఏదైనా చదవబోయే ముందు నేను ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది ఎవరు రాశారు, పేరుందా? ఏ ఆధారం మీద రాశారు, చూపించారా? నేను ఇది చదివితే ఎవరికి లాభం? మూడింటికీ జవాబు దొరికితే తీరిగ్గా కూర్చుని చదువుతాను. దొరక్కపోతే ఎంత బాగున్నా ఒక కన్ను తెరిచే ఉంచుతాను. ఈ మధ్య ప్రశ్న అడిగితే గడగడా జవాబు రాసిచ్చే యంత్రాలు కూడా వచ్చాయి. మా మిత్రుడొకడు శామీర్‌పేట చరిత్ర మీద పుస్తకం చెప్పమంటే, రచయిత పేరు, అచ్చయిన సంవత్సరంతో సహా చెప్పింది. వాడు నమ్మకంగా రెండు గ్రంథాలయాల జాబితాలు గాలించాడు. అటువంటి పుస్తకమే లేదు. యంత్రం తప్పు పట్టి లాభం లేదు. ఆధారం అడగడం మన పని.

ఇక అసలు విషయం. తాత అడిగిన ప్రశ్నకు గెజిటీరులో సగం జవాబు దొరికింది, సాంఘిక చరిత్రలో పావు దొరికింది. మిగతా పావు? తెలుగు వికీపీడియాలో మా చుట్టుపక్కల ఊళ్ళ పేజీలు చూశాను. 2011 జనాభా లెక్కలు, బడులు, బస్సులు, సాగునీటి వసతి. పాపం ఎవరో ఓపికగా ఎక్కించారు. కానీ శిఖం అన్న మాట ఏ చెరువు దగ్గర ఎట్లా వాడారో, మత్తడి దూకిననాడు ఊరు ఊరంతా ఏం చేసేదో, సర్ఫెఖాస్ ఊళ్ళలో పటేలు, పట్వారీ ఎట్లా ఉండేవారో ఎక్కడా లేదు. నాకు దొరకలేదంటే వెతకడం రాక కాదు. ఎవరూ రాయలేదు గనుక. మనం పోసుకోని ధాన్యం గాదెలో ఎక్కడి నుంచి వస్తుంది?

పోనీ నేనే వికీపీడియాలో రాద్దామంటే, అక్కడ 'మా తాత చెప్పాడు' అంటే చెల్లదు. అచ్చయిన ఆధారం కావాలంటారు. ఆ నియమం మంచిదే. మరి అచ్చు ఎక్కడ? మిత్రులారా, మీ చేతిలో ఉన్న ఈ సంచిక అచ్చు కాదా? గోలకొండ కవుల సంచిక కూడా ఒక సంచికే గదా!

అందుకని విద్యార్థి సంఘానికి నాదొక మనవి. వచ్చే ఏటి సంచికలో పది పుటలు పెద్దవాళ్ళ మాటలకు కేటాయించండి. ఒక్కో విద్యార్థి తన ఊరి నుంచి ఒక చెరువు గురించో, ఒక పనిముట్టు గురించో, ఒక పాత మాట గురించో, చెప్పినవారి వయసు, ఊరు, చెప్పిన తేదీతో సహా రాసి తేవాలి. లెక్చరర్లు దిద్దిపెట్టాలి. గ్రంథాలయం బీరువాలో ఉన్న పాత సంచికలను కూడా, రాసిన పూర్వ విద్యార్థుల అనుమతి తీసుకుని, పుట పుటా ఫోటో తీసి అంతర్జాలంలో పెడదాం. పూర్వ విద్యార్థులు ఇది చదువుతున్నారు గనుక ఇక్కడే అడుగుతున్నాను: మీ పాత వ్యాసాలకు అనుమతి ఇవ్వండి, మీ దగ్గర మిగిలిన ప్రతులుంటే పంపండి. ఒక్క షరతు — పెట్టేటప్పుడు పేర్లు తెలుగు అక్షరాల్లో, తప్పుల్లేకుండా టైపు చేద్దాం. తర్వాత వచ్చేవాడు ఏడు స్పెల్లింగులతో తిప్పలు పడకూడదు.

నేను నా వంతు మొదలుపెట్టాను. నోటుబుక్కులో ఇప్పటికి తాత చెప్పిన చెరువు మాటలు అరవై మూడు ఉన్నాయి. అందులో తూము దగ్గర వాడే నాలుగు మాటలకు నేను చూసిన ఏ నిఘంటువులోనూ అర్థం దొరకలేదు. మీ ఊళ్ళో ఎవరికైనా తెలుసేమో, సెలవులకు పోయినప్పుడు అడిగి రండి.

— ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని